మట్టిమిద్దె

మట్టిమిద్దె అనగా మందమైన మట్టిగోడలపై గాని, రాతిగోడలపై గాని కర్ర దూలాలు, దంతెలు పరచి, వాటిమీద మట్టిని మందంగా కప్పి కట్టిన చదును పైకప్పు గల ఇల్లు. రాయలసీమ జిల్లాలలోను, రాయలసీమను ఆనుకొని ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, యర్రగొండపాలెం ప్రాంతాలలోను ఇది తరతరాలుగా వాడుకలో ఉన్న గృహనిర్మాణ పద్ధతి. ఈ ప్రాంతంలో చదును కప్పు గల ఏ ఇంటినైనా మిద్దె అంటారు. సిమెంటు కప్పు ఇండ్లు వచ్చిన తరువాత వాటినుండి వేరుగా చెప్పుటకు పాత ఇండ్లను మట్టిమిద్దె, చవుడుమిద్దె అని పిలుస్తున్నారు.

గ్రామాలకు విద్యుత్తు రాకముందు వేసవిలో వడగాడ్పులనుండి, శీతాకాలంలో రాత్రి చలినుండి మనుషులను, ధాన్యాన్ని, పశువులను కాపాడినది ఈ కట్టడమే. ఇది ఏ యంత్రమూ లేకుండా పనిచేస్తుంది. అయితే దానంతట అదే పనిచేయదు. తలుపులు వేళకు మూయడం, వేళకు తెరవడం, ఏటా కప్పుపై చవుడు వేయడం, గోడలు అలకడం వంటి మనుషుల పని దీనిలో సగభాగం. ఆ పని చేసేవారు తగ్గినచోట మిద్దెలు కూలిపోతూ వచ్చాయి.

ప్రాంతము, శీతోష్ణస్థితి

1970లో ఒంగోలు జిల్లా (1972 నుండి ప్రకాశం జిల్లా) ఏర్పడినపుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కర్నూలు జిల్లానుండి వేరుచేసి దానిలో కలిపారు. శీతోష్ణస్థితిలోను, ఇండ్ల కట్టడంలోను ఈ ప్రాంతం కోస్తాకన్నా రాయలసీమకే దగ్గరగా ఉంటుంది. పడమట నల్లమల కొండలు, తూర్పున వెలికొండలు, మధ్య గుండ్లకమ్మ పరీవాహక ప్రాంతం ఉన్నాయి. సముద్రం 80 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండుటచేత సముద్రపు గాలి చల్లదనం ఇక్కడికి చేరదు. వర్షపాతం తీరప్రాంతంకన్నా తక్కువ. కరవు తరచుగా వచ్చే ప్రాంతం.

ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. కొన్ని రోజులు 44 డిగ్రీల వరకు పోతుంది. గాలిలో తేమ చాలా తక్కువగా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలలలో పగలు ఎండ హాయిగా ఉన్నా రాత్రులు చల్లబడతాయి, ముఖ్యంగా నల్లమల అంచు గ్రామాలలో తెల్లవారుజామున చలి ఎక్కువ. పొడిగాలి, మబ్బులేని ఆకాశం, పగటికి రాత్రికి మధ్య ఎక్కువ ఉష్ణోగ్రతా భేదం అనే మూడు లక్షణాలపై మట్టిమిద్దె పనితీరు ఆధారపడి ఉంటుంది.

నిర్మాణము

గోడలు: గోడల మందం సాధారణంగా ఒకటిన్నర అడుగు (45 సెంటీమీటర్లు) నుండి రెండు అడుగుల (60 సెంటీమీటర్లు) వరకు ఉంటుంది. రాయి దొరికేచోట రాళ్ళను బురదమట్టితో పేర్చి కడతారు. రాయి లేనిచోట మట్టిని నీటితో తొక్కి, గడ్డి కలిపి, వరుస మీద వరుసగా పెడతారు. ఒక వరుస ఆరిన తరువాతనే దానిపై మరొక వరుస పెడతారు గనుక గోడ లేవడానికి చాలా రోజులు పడుతుంది. మార్కాపురం చుట్టుపక్కల భూమిలో పలకరాయి విస్తారంగా ఉంది. బడిపిల్లల రాతపలకలకు ప్రసిద్ధి చెందిన ఈ రాయినే నేల పరచుటకు, గోడలకు కూడా వాడతారు.

దూలాలు, దంతెలు: గోడలపై, స్తంభాలపై పెద్ద దూలాలు నిలిపి, వాటికి అడ్డంగా దంతెలు దగ్గరదగ్గరగా పేరుస్తారు. నల్లమల అడవిలో పెరిగే టేకు, నారయేపి, నల్లమద్ది వంటి గట్టి కర్రలు, ఊళ్ళలో దొరికే వేప, తుమ్మ కర్రలు ఇందుకు పనికివస్తాయి. కలిగినవారు దంతెలపై నాపబండలు గాని, చెక్కలు గాని పరచేవారు. లేనివారు వెదురు, కంప, ఆకులతో కూడిన చిన్న కొమ్మలు పరచేవారు. చెదలు చేరకుండా వేప, కానుగ వంటి ఆకులను ఎన్నుకొనేవారు.

మట్టికప్పు: దీనిపై తడిమట్టిని పరచి దిమ్మిసతో గట్టిగా కొడతారు. మొత్తం మందం అడుగు (30 సెంటీమీటర్లు) దాకా ఉండవచ్చును. నీరు నిలవకుండా కప్పును ఒకవైపుకు కొద్దిగా వాలుగా ఉంచి, అంచున నీరు బయటకు పోవుటకు దోనెలు అమరుస్తారు.

చవుడు: అన్నిటికన్నా పైన చవుడుమట్టి పొర వేస్తారు. సోడియం లవణాలు ఎక్కువగా ఉండటంచేత పంటకు పనికిరాని నేలను చవుడునేల అంటారు. పొలంలో దోషమైన ఆ గుణమే కప్పుమీద మేలు చేస్తుంది. సోడియం ఎక్కువగా గల బంకమట్టి తడిసినపుడు దాని కణాలు ఒకదానినుండి ఒకటి విడిపోయి, మట్టిలోని సన్నని రంధ్రాలలో చేరి వాటిని మూసివేస్తాయి. అందుచేత మొదటి వాన పడిన కొద్దిసేపటికే పైపొర నీటిని లోపలికి పోనివ్వదు. ప్రతి వానకు కొంత చవుడు కొట్టుకుపోతుంది గనుక ఏటా తొలకరికి ముందు ఎడ్లబండ్లతో చవుడు తోలి మిద్దెపై మళ్ళీ పరచేవారు.

గవాచి: కప్పులో ఒకటి రెండు చోట్ల విడిచిన రంధ్రం గవాచి (గవాక్షం). గోడలకు కిటికీలు చిన్నవిగా, తక్కువగా ఉండుటచేత ఇంటిలోకి వెలుతురు ప్రధానంగా దీనినుండే వస్తుంది. వంటపొగ, వేడిగాలి కూడా దీనిగుండా పైకి పోతాయి. వానకాలంలో దీనిని బండతో గాని, కుండతో గాని మూస్తారు.

అరుగు, వసారా: వీధివైపు ఎత్తైన అరుగు, దానిపై నీడనిచ్చే వసారా ఉంటాయి. ఇవి ముందుగోడపై ఎండ నేరుగా పడకుండా కాపాడతాయి. పెరటిలో, వాకిటిలో వేపచెట్టు పెంచడం ఈ ప్రాంతపు ఆచారం. ఎండలు ముదిరేనాటికి వేప చిగిర్చి దట్టమైన నీడనిస్తుంది.

వేడిని నిలువరించే విధానము

సూర్యరశ్మి పడిన గోడ పైభాగం పగలు వేడెక్కి, రాత్రి చల్లబడుతుంది. ఈ హెచ్చుతగ్గులు అలవలె గోడ లోపలికి ప్రయాణిస్తాయి. లోపలికి పోయేకొద్దీ రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది, అల తీవ్రత తగ్గుతుంది. రెండవది, అల ఆలస్యమవుతుంది. ఆరిన మట్టిలో 24 గంటల అల సుమారు 12 సెంటీమీటర్ల లోతుకు పోయేసరికి దాని తీవ్రత మూడోవంతుకు కాస్త పైగా మిగులుతుంది. మరొక 12 సెంటీమీటర్లు పోయేసరికి మిగిలినదానిలో మళ్ళీ అంతే తగ్గుతుంది.

ఈ లెక్క ప్రకారం వివిధ కప్పులలో, గోడలలో కలిగే మార్పు ఇంచుమించు ఇట్లుంటుంది:

- 45 సెంటీమీటర్ల మట్టిగోడ: బయటి హెచ్చుతగ్గులలో నూటికి 2 వంతులు మాత్రమే లోపలికి చేరుతాయి. ఆలస్యం సుమారు 14 గంటలు.
- 30 సెంటీమీటర్ల మట్టికప్పు: నూటికి 8 వంతులు చేరుతాయి. ఆలస్యం సుమారు 10 గంటలు.
- 12 సెంటీమీటర్ల సిమెంటు కాంక్రీటు కప్పు: నూటికి 40 వంతులకు పైగా చేరుతాయి. ఆలస్యం 3 గంటలకు కాస్త పైన.
- సిమెంటు రేకు: మందం మిల్లీమీటర్లలోనే ఉంటుంది గనుక తగ్గుదల గాని, ఆలస్యం గాని లేనట్లే.

తలుపులు, గాలి, మనుషుల ఒంటివేడి, పొయ్యి వేడి లెక్కలోకి తీసుకుంటే ఈ అంకెలు కొంత మారతాయి. అయినా తేడా స్వభావం మారదు. మధ్యాహ్నం ఒంటిగంటకు కాంక్రీటు కప్పు పైభాగాన పడిన తీవ్రమైన వేడి సాయంత్రానికి గదిలోకి దిగి, పొద్దుపోయేదాకా కిందివారిని వేధిస్తుంది. మట్టికప్పులో అదే వేడి బాగా పలచబడి, అర్ధరాత్రి సమయానికి లోపలికి చేరుతుంది. ఆ వేళకు ఇంటివారు ఆరుబయట గాని, మిద్దెపైన గాని నిద్రిస్తుంటారు. తెరచిన తలుపులగుండా వచ్చే చల్లగాలి ఆ కాస్త వేడిని కూడా తీసుకుపోతుంది.

నేల కూడా ఇందుకు తోడ్పడుతుంది. భూమిలో కొన్ని మీటర్ల లోతున ఉష్ణోగ్రత ఏడాది పొడవునా ఆ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఈ ప్రాంతంలో అది సుమారు 28 డిగ్రీలు. అందుచేత మిట్టమధ్యాహ్నం కూడా పేడతో అలికిన నేల, పలకరాయి పరచిన నేల గాలికన్నా చల్లగా తగులుతాయి.

రాత్రి చల్లదనము, తలుపుల వేళలు

పగటి వేడిని గోడలు తాత్కాలికంగా దాచుకుంటాయే తప్ప పోగొట్టలేవు. దాచుకొన్న వేడిని ప్రతి రాత్రి బయటకు పంపకపోతే నాలుగైదు రోజులలో ఇల్లంతా కాగిపోతుంది. దీనికి రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది గాలి. పొద్దు గుంకి బయటిగాలి చల్లబడగానే తలుపులు, కిటికీలు, గవాచి తెరుస్తారు. లోపలి వేడిగాలి గవాచిగుండా పైకి పోగా, తలుపులగుండా చల్లగాలి లోనికి వస్తుంది. ఉదయం తొమ్మిది గంటలలోపే అన్నింటినీ మూసి, సాయంత్రం దాకా వేడిగాలిని లోపలికి రానివ్వరు. పగలు గాలి కొరకు తలుపులు తెరవడం కోస్తాలో మేలు చేస్తుంది, ఇక్కడ మాత్రం కీడు చేస్తుంది. ఆ వేళలో వీచేది వడగాలి.

రెండవది ఆకాశం. ప్రతి వస్తువు తన వేడిని వికిరణ రూపంలో బయటకు పంపుతూ ఉంటుంది. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు ఉంటే ఆ వికిరణంలో చాలా భాగం తిరిగి వస్తుంది. పొడిగాలి, నిర్మలమైన ఆకాశం ఉన్నచోట అది అంతరిక్షంలోకి పోతుంది. అందుచేత వేసవి రాత్రి మిద్దె పైభాగం చుట్టూ ఉన్న గాలికన్నా కొన్ని డిగ్రీలు చల్లబడగలదు. ఈ ప్రాంత ప్రజలు సాయంత్రం మిద్దెపై నీళ్ళు చిలకరించి, ఈతచాపలు పరచి, నులకమంచాలు వేసి పడుకొనే అలవాటుకు ఆధారం ఇదే. ఎండకు విశాలంగా గురయ్యే చదును కప్పు పగలు లోపంగా కనిపించినా, రాత్రి అదే ఇంటిని చల్లబరిచే సాధనమవుతుంది. ఇరాన్, ఈజిప్టు, రాజస్థాన్ వంటి పొడి దేశాలలో, ప్రాంతాలలో చదును మట్టికప్పులు, రాత్రి కప్పుపై నిద్రించే అలవాటు ఉండుటకు కారణం కూడా ఇదే.

నీటితో చల్లబరచుట

నీరు ఆవిరి అగునపుడు చుట్టూ ఉన్న వేడిని గ్రహిస్తుంది. దీనిని గుప్తోష్ణం అంటారు. 10 లీటర్ల నీరు ఆవిరి అగుటకు దాదాపు 24 మెగాజౌళ్ళ వేడి కావాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ యంత్రం గంటకు పైగా పనిచేసి తొలగించే వేడికి ఇది సమానం.

అయితే నీరు ఎంత సులభంగా ఆవిరి అవుతుందనేది గాలిలోని తేమపై ఆధారపడి ఉంటుంది. 42 డిగ్రీల వేడి, నూటికి 20 వంతుల తేమ గల గాలి తడిగుడ్డ మీదుగా పోతే సుమారు 24 డిగ్రీల వరకు చల్లబడగలదు. 38 డిగ్రీల వేడి, నూటికి 60 వంతుల తేమ గల గాలి 31 డిగ్రీలకన్నా కిందికి దిగదు. మే నెల మధ్యాహ్నం మార్కాపురం గాలి మొదటి రకానికి, చీరాల వంటి తీరప్రాంతపు గాలి రెండవ రకానికి దగ్గర. అందుచేత తడితెరలు, మంచినీటి కూజాలు, నీటి కూలర్లు తీరంకన్నా ఇక్కడ బాగా పనిచేస్తాయి.

కలిగిన ఇండ్లలో తలుపులకు, కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి తడుపుతుండేవారు. ఇతరులు గోనెపట్టాలు తడిపి వేలాడదీసేవారు. సాయంత్రం వాకిట కళ్ళాపి చల్లడం, వేసవిలో వాకిట తాటాకులతో, వేపమండలతో చలువపందిరి వేసి తడపడం కూడా ఇదే సూత్రంపై ఆధారపడినవి.

ఈ పద్ధతికి గల పెద్ద పరిమితి నీరే. వేడి ఎక్కువగా ఉండే నెలలలోనే బావులు, బోర్లు ఎండిపోతాయి. తాగునీటికే మైళ్ళు నడిచిన గ్రామాలలో తడికెలకు నీరు పోయడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. నీరు అవసరం లేని మందపు గోడ, రాత్రి ఆకాశం పేదవారికి ఎక్కువ తోడ్పడ్డాయని చెప్పవచ్చును.

చలికాలపు ఏర్పాట్లు

చలికాలంలో ఇదే కట్టడం వేరొక విధంగా ఉపయోగపడుతుంది. పగటి ఎండ వేడి గోడలలో నిలిచి, రాత్రి మెల్లగా లోపలికి చేరుతుంది. తలుపులు సాయంత్రమే మూసివేస్తారు. వంటపొయ్యి ఇంటిలోపలే ఉండటంవలన దాని చుట్టూ ఉన్న మట్టి పొద్దుపోయేవరకు వెచ్చగా ఉంటుంది. గొర్రెల పెంపకం ఉన్న ఊళ్ళలో ఉన్ని గొంగళ్ళు రాత్రి కప్పుకొనుటకు, నేలపై పరచుకొనుటకు వాడతారు. చేలలో, దొడ్ల వద్ద కాపలా ఉండేవారు నెగడు వేసుకుంటారు. ముసలివారు, బాలింతలు ఉన్న గదులలో కుంపటి పెట్టే అలవాటు ఉండేది.

కుంపటి విషయంలో జాగ్రత్త అవసరం. బొగ్గులు అరకొరగా మండునపుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దీనికి రంగు గాని, వాసన గాని లేవు. తలుపులు మూసిన గదిలో కుంపటితో నిద్రించడం ప్రాణాపాయం. గవాచి తెరచి ఉండటం, నిద్రకు ముందు కుంపటిని బయట పెట్టడం తప్పనిసరి.

కొట్టాలు, చెంచు గుడిసెలు

మిద్దె కట్టుకొనలేనివారు మట్టిగోడలపై బోదతో గాని, తాటాకుతో గాని కప్పిన కొట్టాలలో ఉండేవారు. గడ్డికప్పు తేలికైనది. మట్టివలె వేడిని దాచుకోదు గాని, దాని పొరలలో చిక్కిన గాలి వేడిని లోపలికి పోనివ్వదు. ఎండకు కొట్టం బాగా చల్లగా ఉంటుంది. అగ్నిప్రమాదం, రెండు మూడేళ్ళకొకసారి కొత్తకప్పు వేయవలసి రావడం దీని లోపాలు.

నల్లమలలోని చెంచుల సంప్రదాయ గుడిసె గుండ్రంగా, వెదురు తడికెల గోడతో, శంఖువు ఆకారంలో ఉన్న గడ్డికప్పుతో ఉంటుంది. అడవి నీడలో పగటివేడి అంత తీవ్రంగా ఉండదు. అందుచేత అక్కడ మందపు గోడల అవసరం తక్కువ, తడికెగుండా గాలి ఆడటం ముఖ్యం. చలి రాత్రులలో గుడిసెలోని నిప్పే వెచ్చదనం. పది పదిహేను మైళ్ళ దూరంలోనే రెండు భిన్నమైన గృహరీతులు ఉండటం, ఇల్లు ఎండకు, గాలికి, దొరికే వస్తువులకు అనుగుణంగా రూపొందుతుందనుటకు మంచి ఉదాహరణ.

లోపములు, ప్రమాదములు

మట్టిమిద్దెను కేవలం ప్రశంసించడం సరికాదు. అడుగు మందం గల మట్టికప్పు చదరపు మీటరుకు 500 కిలోల వరకు బరువు ఉంటుంది. 20 చదరపు మీటర్ల చిన్నగదిపై 10 టన్నుల బరువు ఉంటుందన్నమాట. తడిస్తే ఇంకా పెరుగుతుంది. ఈ బరువంతా చెదలు తినగల కర్రలపై నిలిచి ఉంటుంది. ఏళ్ళ తరబడి పాత చవుడు తీయకుండా కొత్తది వేస్తూ పోతే కప్పు మందం, బరువు మరీ పెరుగుతాయి. తుపాను సమయంలో రోజుల తరబడి ముసురు పట్టినపుడు గోడల అడుగుభాగం నాని, దూలం విరిగి, రాత్రివేళ నిద్రలో ఉన్నవారిపై మిద్దె కూలిన సంఘటనలు రాయలసీమలోను, ఈ ప్రాంతంలోను అనేకం జరిగాయి. భూకంపాలకు కూడా ఈ కట్టడం తట్టుకోలేదు.

చీకటి, పొగ మరొక లోపం. పొగమసి కర్రను చెదలనుండి కొంతవరకు కాపాడినా, వంటచేసే స్త్రీల కళ్ళకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. గోడల పగుళ్ళలో తేళ్ళు, పాములు చేరుతాయి. ఏటేటా అలకడం, సున్నం కొట్టడం పని ఎక్కువగా స్త్రీలపైనే పడింది. ఈ కారణాలచేత ప్రజలు సిమెంటు ఇల్లు కోరుకున్నారే గాని, అది కేవలం అనుకరణ కాదు.

క్షీణత

20వ శతాబ్దపు చివరి దశాబ్దాలనుండి మట్టిమిద్దెల సంఖ్య త్వరగా తగ్గుతూ వచ్చింది. దీనికి ముఖ్య కారణాలు:

- 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పాటు తరువాత నల్లమల కలప దొరకడం కష్టమైనది.
- కరవువలన ఎడ్లు, బండ్లు తగ్గాయి. కూలి పనులకు వలసపోయిన కుటుంబాల ఇండ్లకు ఏటా చవుడు వేసేవారు లేకపోయారు. రెండు మూడు వానకాలాలు చవుడు పడని మిద్దె కురుస్తుంది. కురిసిన మిద్దె దూలాలు పుచ్చిపోతాయి.
- గ్రామాలలో ఈ పని తెలిసిన మేస్త్రీలు, వడ్రంగులు సిమెంటు పనులకు మళ్ళారు.
- 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్లు, 2016 నుండి గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన వంటి పథకాలు పక్కా ఇంటికే సహాయం చేశాయి.

ప్రభుత్వ లెక్కలలో కూడా మట్టిమిద్దెకు ప్రత్యేక స్థానం లేదు. 2001, 2011 జనాభా లెక్కలలో గడ్డి, తాటాకు, వెదురు, కర్ర, మట్టి కప్పులన్నింటినీ ఒకే తరగతిలో చేర్చారు. తరాలపాటు నిలిచే అడుగు మందపు మిద్దె, ఏడాదికి పాడయ్యే గుడిసె ఆ లెక్కలో ఒకటే అయ్యాయి.

మిద్దెలు పోయినచోట వచ్చినవి ఎక్కువగా పలుచని కాంక్రీటు కప్పులు, సిమెంటు రేకులు. వానలో కూలిపోయే భయం తగ్గింది, ఎండవేడి పెరిగింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోను, 2015లో విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లోను వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా మరణించారు. 2015లో ఎక్కువగా నష్టపోయిన జిల్లాలలో ప్రకాశం ఒకటి. ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు ఎక్కువగా వడదెబ్బకు గురవుతారు. పగలంతా ఎండలో ఉన్న శరీరం రాత్రి చల్లబడితేనే కోలుకుంటుంది. రాత్రి కూడా వేడిని దింపే కప్పు కింద ఆ అవకాశం ఉండదు. కరెంటు, ఏసీ గలవారికి ఇది ఖర్చుతో తీరే సమస్య. అవి లేనివారికి ఆరోగ్య సమస్య.

నేటి ఉపయోగము

పాత మిద్దెను ఉన్నదున్నట్లు తిరిగి కట్టడం నేడు అందరికీ సాధ్యం కాదు. దాని సూత్రాలను మాత్రం కొత్త ఇంటికి, విద్యుత్తు తీగ చేరని చేనింటికి, అటవీగూడెంలోని ఇంటికి వర్తింపజేయవచ్చును.

గోడలు: నూటికి 5 వంతుల సిమెంటు కలిపి యంత్రంతో అదిమిన మట్టి ఇటుకలు వానకు కరగవు, కాల్చనవసరం లేదు. పాండిచ్చేరి సమీపంలోని ఆరోవిల్‌లో ఈ ఇటుకలపై చాలాకాలంగా పరిశోధన, శిక్షణ జరుగుతున్నాయి. ఎండ ఎక్కువగా పడే పడమటి గోడనైనా మందంగా కట్టడం మేలు.

కప్పు: కాంక్రీటు కప్పుపై ఏటా వేసవికి ముందు సున్నం కొట్టడం అన్నిటికన్నా చౌకైన ఉపాయం. తెల్లని కప్పు ఎండను తిప్పికొట్టి, గది వేడిని కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని కప్పుల కొరకు ఒక విధానాన్ని ప్రకటించింది. కప్పుకు కాస్త ఎత్తున తాటాకు పందిరి వేసినా, కప్పుపై ఖాళీ మట్టికుండలు బోర్లించి పైన సున్నపు పూత పూసినా వేడి తగ్గుతుంది. బరువు మోయగలదో లేదో ఇంజనీరుచేత చూపించనిదే పాత కాంక్రీటు కప్పుపై మట్టి పోయరాదు.

సౌరవిద్యుత్తు: మామూలు పంకాకు 75 వాట్లు అవసరం కాగా, కొత్తరకం పొదుపు పంకాకు 30 వాట్లు చాలు. ఈ ప్రాంతపు ఎండకు 100 వాట్ల సౌరఫలకం రోజుకు 400 వాట్-గంటల వరకు ఇవ్వగలదు. అనగా బ్యాటరీలో నిలిపి ఒక పొదుపు పంకాను రాత్రి పన్నెండు గంటలు తిప్పవచ్చును. ఒక ఏసీ యంత్రానికి దీనికి ఎన్నో రెట్ల ఫలకాలు, బ్యాటరీలు కావాలి. ఇల్లు ఎంత చల్లగా ఉంటే విద్యుత్తు అవసరం అంత తగ్గుతుంది. గోడలు, కప్పు సరిగా ఉన్న ఇంటికి ఒక పంకా సరిపోతుంది. గదిలోని గాలి 40 డిగ్రీలు దాటినపుడు మాత్రం పంకాపైన మాత్రమే ఆధారపడరాదు. వేడిగాలిని ఒంటిపైకి తోసినందువలన, ముఖ్యంగా వృద్ధులకు, మేలుకన్నా కీడు జరగవచ్చును. అటువంటి వేళ ఒళ్ళు తడుపుకొనడం, తరచుగా నీరు తాగడం అవసరం.

మిగిలిన మట్టిమిద్దెలలో నివసించేవారు వానకాలానికి ముందు దూలాలను, దంతెలను తట్టి చూడటం, పాత చవుడు తీసి కొత్తది పలుచగా వేయడం, గోడ అడుగున నీరు నిలవకుండా చూడటం, ముసురు పట్టిన రాత్రులలో అనుమానం ఉన్న గదిలో పడుకోకపోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

- మార్కాపురం
- గిద్దలూరు
- నల్లమల అడవులు
- కంభం చెరువు
- చెంచులు
- చవుడునేల
- వడదెబ్బ
- సౌరశక్తి